పన్నెండు అడుగులు

కొత్త రూలు వచ్చింది మా నగర పంచాయతీకి.
ఆరుబయట కట్టిన కుక్కకి
పన్నెండు అడుగులకు తగ్గని గొలుసుండాలి.
పొద్దున్న పదకొండు నుంచి నాలుగు దాకా కట్టకూడదు.
నీళ్ళ గిన్నె మూతికి అందాలి,
నీడ ఒంటికి అందాలి.
కింద సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర,
ముద్రలో అలుక్కుపోయిన మా ఊరి పేరు.

టేపు నాకిచ్చారు.
నా వాటాకి మిల్లు లైన్లు వచ్చాయి.

నెల్లిమర్లలో మధ్యాహ్నం రెండుకి
మా మిల్లు సైరన్ ఇప్పుడు మోగదు.
గేటుకి తాళం పడి రెండు వానాకాలాలు.
అయినా రెండయ్యేసరికి పదకొండో లైను చివర
ఒక గొంతు మోర పైకెత్తి సాగదీస్తుంది,
షిఫ్టు మారేటంత సేపూ.
దాని పేరే సైరను.
కంప్లెయింటు దాని మీదే.

సూరప్పడు గుమ్మంలో కూచుని గోగునార పేనుతున్నాడు.
"గొలుసేది?" అన్నాను.
"గొలుసేటమ్మా, నా సేత్తో పేనిన తాడు.
మెడకాడ సూడు, పాత లుంగీ సుట్టినాను. ఒరుసుకోదు."
వేలు దూర్చి చూశాను. ఒరుసుకోలేదు.
ఫారంలో లుంగీకి గడి లేదు.

తాడు ఐదడుగుల జానెడు.
"పన్నెండు ఉండాలి మరి."

లేచి, గుమ్మం దగ్గర మడమ ఆనించి
అడుగుకి అడుగు తగిలిస్తూ నడిచాడు.
ఆరో అడుగుకి కాలువ.
కాలువ దాటితే పారమ్మ గడప.
పక్కకి తిరిగి నడిచాడు. తొమ్మిదికి గోడ.
"పన్నెండు నాకెక్కడిదమ్మా?
నానూ, మా ఆడదీ, ఇద్దరు గుంటలూ
ఈ తొమ్మిదిలోనే పడుకుంతన్నాం."
కోపంగా అనలేదు. లెక్క అప్పజెప్పాడు.

టేపు నా చేతిలోంచి జారి
చర్రున డబ్బాలోకి పోయింది.
సైరను ఆ చప్పుడుకి తల ఓ పక్కకి వంచి
మళ్ళీ చెయ్యమన్నట్టు చూసింది.

"పోనీ, పదకొండుకి ఒగ్గేస్తానమ్మా."
"ఒగ్గేస్తే కుదరదు. ఇంకో రూలుంది,
కట్టని కుక్క వీధిలో తిరగరాదు."
"కట్టరాదు, ఒగ్గరాదు.
మరి ఆ ఐదు గంటలూ
గాల్లో ఏలాడమంతారేటి?"
నా దగ్గర జవాబు లేదు. కాగితం తిరగేశాను.
వెనక వైపు తెల్లగా ఉంది.

అప్పుడొచ్చింది పారమ్మ, కంప్లెయింటు పెట్టిన మనిషి,
జుట్టు ముడేసుకుంటూ, నిద్ర కళ్ళతో.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ. పగలే ఆమెకి రాత్రి.
"అరుపుకి కాదమ్మా నా బాధ.
అది కుయ్యంటే సాలు, నిద్దట్లోనే లేసిపోయి
పొయ్యి మీద ఎసరు పెట్టేస్తన్నాను.
షిఫ్టు దిగొచ్చీ మనిషేడీ?
ఇసాపట్నంలో ఎవులిదో గేటు కాస్తన్నాడు.
నీళ్ళు మరిగిపోయి గిన్నె మాడిపోతంది.
రెండు గిన్నెలు పోయినాయి."

ఎవరం ఏమీ అనలేదు.
కాలువలో ఓ సబ్బు నురగ మెల్లగా వెళ్ళింది.

"ఆ ఐదు గంటలూ నా ఇంట్లో ఒగ్గీ," అంది సూరప్పడితో,
వాడి మొహం చూడకుండా.
"ఏసవి కదా, నేల సల్లగుంటాది.
పక్కన మనిషుంటే అరవదేమో."

మళ్ళీ వారం వెళ్ళాను, సరిగ్గా రెండుకి.
పారమ్మ తలుపు మూసుంది.
లోపల్నుంచి
గొంతు తగ్గించుకుని, ఇరుగుపొరుగుకి వినపడకుండా
ఓ చిన్న మోత.
కాసేపటికి గిన్నె చప్పుడు.
తర్వాత పారమ్మ తిట్టు,
తర్వాత నవ్వులాంటిదేదో.

"నిబంధన అమలులో ఉన్నది" దగ్గర టిక్కు పెట్టాను.
పొడవు గడి ఖాళీగా వదిలేశాను.

ఎదురింటి గుమ్మంలో సూరప్పడు
నాకేసి చెయ్యెత్తాడు, ఆ చేతిలో నార.
"తొమ్మిదయ్యిందమ్మా," అన్నాడు,
"ఇంకో మూడు పేనాల."